బిగబట్టండి

ఈ బొగ్గులోయ ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లుగా
నేను పలికేవి మూడే మాటలు:
ఊపిరి పీల్చండి. బిగబట్టండి. ఇక వదలండి.
గనులు మూతపడ్డాయి.
ఛాతీలు మాత్రం ఇంకా షిఫ్టుకి వస్తూనే ఉన్నాయి.

బెలార్మినో మొదటిసారి వచ్చింది అక్టోబరులో.
ఆస్టూరియాస్ కొండల మీద మా సన్నజల్లు,
వాన అందామంటే తడపదు, మంచు అందామంటే వదలదు.
కుడి ఊపిరితిత్తి పైఅరలో
నిమ్మకాయంత తెల్లదనం.
సూదితో ముక్క తీశారు, పేరు తేల్చారు.
మందులు వద్దన్నాడు.
"నలభై ఏళ్లు భూమి లోపలే తిరిగాను డాక్టరమ్మా,
దారి తెలుసు."

పంపకాలు మొదలుపెట్టాడని ఊళ్లో విన్నాను.
పదకొండు తేనెపెట్టెలూ మేనల్లుడు సెల్సోకి.
పెళ్లిళ్లలో వాయించిన తోలుతిత్తి
పక్కింటి కుర్రాడు ఎనోల్‌కి:
రెండు తిత్తులకి సరిపడా గాలి ఇక నా దగ్గర లేదురా, అని.
సమాధి రాయి కూడా చెక్కించేశాడు,
పేరూ, పుట్టిన ఏడూ, ఒక గీతా.
చివరి అంకెలకే కొంచెం చోటు.

జనవరిలో జ్వరం. పదిహేడు రోజులు.
దుప్పటి పిండితే నీళ్లు కారాయట.
ఒలీవా పాదిరీని పిలిపించి
మొగుడి నుదుటికి నూనె రాయించింది.

మార్చిలో, కర్ర సాయంతో, మళ్లీ నా గదికి.
పీల్చండి. బిగబట్టండి.
తెర చూశాను.
పేరు సరిచూశాను. పుట్టిన తేదీ. కుడీ ఎడమా.
నిమ్మకాయ ఉన్నచోట రేగుగింజ.
వదలండి అనడం మరిచిపోయాను.
గాజు అవతల ఆయన మొహం ఎర్రబడుతోంది,
గని మనిషి, చెప్పేదాకా వదలడు.

జూన్‌కి అదీ లేదు.
చెప్పా పెట్టకుండా వచ్చింది,
చెప్పా పెట్టకుండా గది ఖాళీ చేసింది,
గోడకి మేకు దిగిన గుర్తు ఒక్కటి మిగిల్చి.

డాక్టర్ రొసౌరా ఫైల్లో 'తనంత తానే' అని రాసి
పక్కన ప్రశ్నార్థకం పెట్టి, కొట్టేసి, మళ్లీ పెట్టింది.
ఆ జ్వరం లోపల దేన్నో నిద్రలేపి ఉండొచ్చు, అంది.
ఉండొచ్చు.
జ్వరాన్ని మందుచీటీ మీద రాయలేం కదా.

ఊరు ఊరుకుంటుందా?
పాదిరీ నూనె అన్నాడు, ఒలీవా తేనె అంది,
సైడర్ కొట్టు యజమాని గ్లాసు పైకెత్తి నవ్వాడు.
ఎవరెవరో కార్లేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు:
ఏం తిన్నావు, ఏ ఆకు, ఎన్ని పూటలు?
"భయం" అన్నాడట.
"రోజూ, పరగడుపున."

మా నాన్న ఫిల్ము ఇంట్లో బీరువా మీద ఉంది.
అదే గని, అదే లిఫ్టు, అదే పైఅర.
ఆయన ఏదీ వద్దనలేదు.
ఆరు విడతలూ ఎక్కించుకున్నాడు,
వాంతి చేసుకుంటూ నర్సులకి క్షమాపణ చెప్పాడు.
ఏడు నెలలు.
అప్పుడప్పుడు దాన్ని కిటికీకి ఆనించి చూస్తాను,
మరక వెనక మా పెరటి ఆపిల్ చెట్టు కనిపిస్తుంది.
నిజం చెప్పాలంటే
జూన్‌లో ఆ శుభ్రమైన తెర ముందు
నాకు మొదట వచ్చింది సంతోషం కాదు.

నవంబరులో వచ్చాడు, కర్ర లేకుండా.
తేనెటీగలు? అన్నాను.
"వాటికిప్పుడు సెల్సో వాసనే అలవాటు. ఇచ్చింది అడగను."
రాయి?
"చెక్కినవాడు డబ్బు వెనక్కివ్వనంటున్నాడు.
కోళ్లకి గింజలు దానిమీదే పోస్తున్నాను."
తోలుతిత్తి?
చొక్కా గుండీలు విప్పుతూ ఆగాడు.
"ఆ కుర్రాడు ఘోరంగా వాయిస్తాడమ్మా.
తిత్తి నిండకుండానే మొదలెడతాడు.
ఆదివారాలు వెళ్లి పక్కన కూర్చుంటున్నాను,
మీ మాటలే చెబుతున్నాను."

చల్లటి పలకకి ఛాతీ ఆనించి
నేను చెప్పకముందే పీల్చాడు.